భుజానికి రెండు వేళ్లు ఎక్కువ

"కొయ్యమంటారా అమ్మా?" రంపం పట్టుకుని అడిగాడు వడ్రంగి లాజరు.

పెరటి తలుపు ఊడదీసి ముందు అరుగు మీద పరిచాడు. సుబ్బరత్నానికి మనసొప్పటం లేదు. ఆయన ఉండగా దగ్గరుండి చేయించిన టేకు తలుపు. ఒకసారి కోస్తే అతకదు.

కానీ తను చీరల కొట్టుకి వెళ్తే సాయంత్రం దాకా చిట్టి లోపల బిగబట్టుకుని ఉంటోంది. వరదప్పుడు తడిసి ముద్దయి వచ్చి గుమ్మంలో కూలబడ్డ కుక్క. అది వచ్చాకే ఆ ఇంట్లో మళ్లీ మాట వినబడింది.

"కొయ్యి." నూలుపోగు అందించింది. చిట్టి దూరే కంత ఎంతెత్తుండాలో, దాని కాలిగోరు నుంచి చెవి కొస దాకా కొలిచి ముడేసిన పోగు.

"అంతెత్తు వద్దండీ."

గేటు బయట ఒకతను. నలిగిన చొక్కా, చేతిలో గుడ్డసంచి. ఇందాకటి నుంచీ అక్కడే తచ్చాడుతున్నాడు.

"తల వంచుకునే దూరుతుందండీ. భుజానికి రెండు వేళ్లు ఎక్కువుంటే చాలు. కింద మాత్రం బాగా దించండి. ఎడమ వెనకకాలు పైకి లేవదు దానికి."

"తమరు కుక్కల డాక్టరా?"

"కాదండీ. దారిన పోతున్నా."

"నిజమేనమ్మా," అన్నాడు లాజరు. "చెవుల దాకా కోస్తే దొంగ కూడా దూరతాడు."

రంపం కదిలింది. అతను కదల్లేదు.

"పెరుగన్నం తింటోందాండీ?"

"తినకేం? నా కంచంలో సగం దానికే."

"పడక?"

"నా మంచం కిందే. ఆరాలెందుకండీ మీకు?"

అతను చేతిలో సంచి గేటు కొక్కేనికి తగిలించాడు. సందు మొదట్లో ఆటో మలుపు తిరిగింది. పక్కింటి నాగవేణి చిట్టికి ఇంజెక్షన్ చేయించి తెస్తోంది. ఆటోని చూడగానే అతను రెండోవైపు గబగబా వెళ్లిపోయాడు. సంచి గేటు కొక్కేనికే ఉండిపోయింది.

లాజరు తలుపు బిగించి, కోసినచోట రబ్బరు పరదా వేలాడదీశాడు. చిట్టి తల వంచింది, కాలు ఈడ్చకుండా పెరట్లోకి దాటింది. అక్కణ్ణుంచి ఇల్లు చుట్టి గేటు దగ్గరికి పరిగెత్తి, సంచిలో మూతి దూర్చి మూలగసాగింది.

సుబ్బరత్నం సంచి విప్పింది. గొలుసు, పాత తోలుపట్టీ. పట్టీ నిండా పళ్ల గాట్లు.

చిట్టి తనంతట తనే మెడ చాచింది.

"ఎడమకాలి సంగతి అతనికి నువ్వు చెప్పావా లాజరూ?"

"నేనసలు కుక్కని చూడటమే ఇప్పుడమ్మా."

ఆవిడ సందులోకి పరిగెత్తింది. ఎవరూ లేరు. అతను వెళ్లినవైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

తన కుక్కని తీసుకుపోదామని వచ్చినవాడు, దానికి సరిపోయే దారి చెప్పి వెళ్లిపోయాడు.