కనిపించని ట్రైనీ

"మొదటి స్థానం ఆయనకా మేడమ్? అసలు ట్రైనీయే లేని మనిషికా?"

తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చేసింది ఛాంపియన్. స్పోర్ట్స్ కోచింగ్ కోర్సులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మోకాలు దెబ్బతిని పోటీలకు దూరమై రెండేళ్ళయినా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. మూడంతస్తుల మెట్లూ ఒక్క ఊపున ఎక్కి వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. మెట్లెక్కినందుకు కాదు, కింద నోటీసు బోర్డులో చూసినదానికి.

కోర్సు నడిపే మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ముందు కూర్చో."

"కూర్చోను మేడమ్."

కోపం రాదా మరి! మొదటి స్థానం వచ్చినవాళ్ళకి ఇదే కాలేజీలో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం. ఉన్నది ఒక్కటే. పోటీలు ముగిసిపోయిన ఆమెకు ట్రాక్ పక్కన నిలబడటానికి మిగిలిన దారి అదొక్కటే. దాన్ని ఎగరేసుకుపోయింది ఎవరయ్యా అంటే, కండక్టరు బాబాయి! ఇరవై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టి, నలభై రెండో ఏట కోచ్‌నవుతానంటూ పుస్తకాలు పట్టుకొచ్చిన మనిషి. జన్మలో ఆయన పరుగెత్తాడంటే అది కదిలే బస్సు వెనకే అయి ఉంటుంది.

అయినా క్లాసులో అందరికీ ఆయనే ముద్దు. "బాబాయ్, ఇది చెప్పవూ", "బాబాయ్, ఇటు చూడు". ఆమె పతకాల గురించి అడిగే నాథుడే లేడు. మొదటి నెల నుంచీ ఆమెకు కడుపు మండిపోతూనే ఉంది. ఆ సంగతి ఆమె దాచుకున్నదీ లేదు.

చివరి పరీక్ష ఇదీ: ఒక్కొక్కరూ ఒక ట్రైనీని ఎంచుకుని పది వారాలు తర్ఫీదు ఇవ్వాలి, రోజూ డైరీ రాయాలి. అందులో ట్రైనీ పేరు ఉండకూడదు. వేగం ఎంత పెరిగిందని కాదు, మనిషిలో ఎంత మార్పు వచ్చిందని చూసి మార్కులు వేస్తారు. ఛాంపియన్ ఒక స్కూలు పిల్లను తీసుకుని, తెల్లారీ తెల్లారకముందే గ్రౌండుకు లాక్కొచ్చి, అరిచి, కసిరి, నూరు మీటర్లలో ముప్పావు సెకను తగ్గించింది.

బాబాయి పక్కన మాత్రం ఈ పది వారాల్లో నరపురుగు కనిపించలేదు. ఆయన పనల్లా ఈమె వెంటపడటమే.

"అమ్మాయ్, పరుగు మొదలెట్టే ఈ స్టార్ట్ నా బుర్రకెక్కడం లేదు. ఒక్కసారి చేసి చూపించు తల్లీ."

"పుస్తకంలో ఉంది కదా బాబాయ్!"

"పుస్తకం పరిగెత్తదు కదమ్మా."

విసుక్కుంటూనే, మోకాలు చూసుకుంటూ నాలుగడుగులు పరుగెత్తి చూపించేది. మర్నాడు మళ్ళీ హాజరు. "నిన్నటిది మర్చిపోయానమ్మా." కొన్నాళ్ళకి పందేలు కూడా మొదలెట్టాడు. "ఈసారి నిన్ను ఓడించకపోతే అడుగు!" ఆ పొట్టేసుకుని! ఆయన్ని వెనక పడేసి, ఆయాసంతో వంగిపోతుంటే కళ్ళారా చూస్తే గానీ ఆమెకు మనశ్శాంతి ఉండేది కాదు. ఆయన మాత్రం నవ్వుతూనే జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో గీక్కునేవాడు. తన విద్య కాజేసి ఇంకెక్కడో ఎవరికో నేర్పుతున్నాడని అనుమానమొచ్చి, ఒకరోజు వెంబడించింది కూడా. గ్రౌండు నుంచి కూరగాయల కొట్టుకి, అక్కణ్ణుంచి ఇంటికి. అంతే.

"ఆయన డైరీ అంతా కట్టుకథ మేడమ్. ట్రైనీని నేను ఒక్కరోజైనా చూడలేదు."

"నేను చూశాను," అన్నారు మేడమ్. "విషయం గుట్టుగా ఉంచుతానని ఆయన అంటే సరేనన్నదీ నేనే." సొరుగులోంచి డైరీ తీశారు. "విను. మొదటి వారం, పది అడుగులు. నాలుగో వారం, ముప్పై మీటర్లు. పదో వారం, ఆగకుండా నూరు మీటర్లు."

ఛాంపియన్‌కి నవ్వాగలేదు. "పది వారాలకి నూరు మీటర్లా? ట్రైనీ ఎవరు మేడమ్, మంచం దిగని ముసలమ్మా?"

"కాదు. మొదట్లో పది అడుగులు పరుగెత్తడానికే భయపడిన మనిషి."

"అంత పిరికివాళ్ళకి ట్రాక్ ఎందుకు? ఇంట్లో కూర్చోమనాల్సింది."

మేడమ్ ఒక్క క్షణం ఆమెనే చూసి, డైరీ చివరి పేజీ తెరిచారు. "ఒక సంగతి మాత్రం నిజం. ట్రైనీ సంతకం ఇంకా పడలేదు."

"అంటే?"

"నీ డైరీలో నీ పిల్ల పెట్టినట్టే, ఇందులో రాసిందంతా నిజమేనని ఈయన ట్రైనీ కూడా చదివి సంతకం పెట్టాలి. సాయంత్రంలోగా పెట్టకపోతే ఆయన మార్కులు చెల్లవు. ఉద్యోగం రెండో స్థానంలో ఉన్న నీకు వస్తుంది."

ఛాంపియన్ అప్పుడు కూర్చుంది. పది వారాలుగా గుండెల్లో రగులుతున్నదంతా ఒక్కసారిగా చల్లబడింది. లేని మనిషి సంతకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఈ సంగతి బాబాయికి తెలుసా?"

"తెలుసు. 'పెట్టకపోయినా పర్లేదు మేడమ్, భయమైతే పోయింది కదా, అది చాలు' అన్నాడు."

"మాటలకేం, కోటలు దాటుతాయి!" ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏదీ, ఆ ట్రైనీని పిలవండి మేడమ్. నా కళ్ళముందే సంతకం పెట్టమనండి, చూద్దాం."

మేడమ్ పెన్ను మూత తీసి ఆమె చేతిలో పెట్టారు.