నాలుగింటి పెళ్ళి

“సాయంత్రం నాలుగింటికి నీ పెళ్ళి. ఈలోగా నీకు బుద్ధొస్తే అదృష్టవంతుడివి,” అన్నాడు పెద్ద గుమస్తా, చెక్క అడ్డుగోడ మీదుగా తల పెట్టి.

కుర్ర గుమస్తా నవ్వాడు. ఆ గదిలో రెండు కిటికీలు. ఎడమవైపు పెళ్ళిళ్ళు నమోదు చేస్తారు, అక్కడ ఇతను. కుడివైపు విడాకులు, అక్కడ ఆయన. వెనక గోడకి నల్లబల్ల. ఆ రోజు పెళ్ళిళ్ళన్నీ పొద్దున్నే దాని మీద రాసేస్తారు. ఎవరైనా మానుకుంటే తప్ప ఇంకో జంటకి చోటుండదు. చివర్న నాలుగింటి దగ్గర కుర్ర గుమస్తా పేరూ, అతను చేసుకోబోయే అమ్మాయి పేరూ ఉన్నాయి. కొత్త చొక్కా మీద సిరా పడకుండా అతను మెడకి తువ్వాలు చుట్టుకుని మరీ పని చేస్తున్నాడు.

“వయసు మీదపడి మీకు చాదస్తం ఎక్కువైంది బాబాయ్.”

“చాదస్తం కాదురా, అనుభవం. నీ వయసులో నేనూ ఆ కిటికీలో కూచుని ప్రతి జంటనీ చూసి కళ్ళు తుడుచుకున్నవాణ్ణే. తర్వాత ఇటు మార్చారు. చూస్తే అవే మొహాలు.”

అంతలో కుడి కిటికీ ముందుకి ఓ నడివయసు జంట వచ్చింది. ఇద్దరూ చెరో పక్కా ఒకే ప్రెషర్ కుక్కర్ పట్టుకుని ఉన్నారు.

“ఇది నేను కొన్నది,” అన్నాడు భర్త.

“వండింది నేను,” అంది భార్య.

పెద్ద గుమస్తా ఎక్కువసేపు ఆలోచించలేదు. “గిన్నె మీకు, మూత ఆవిడకి,” అని ఠపీమని ముద్ర కొట్టేశాడు. భర్త గిన్నె చంకలో పెట్టుకుని ఒక దారిన, భార్య మూత పట్టుకుని ఇంకో దారిన వెళ్ళిపోయారు.

“చూశావుగా. వీళ్ళూ ఒకప్పుడు నీ కిటికీ ముందు ఇకిలిస్తూ నిలబడ్డవాళ్ళే.”

“మేం అలా కాదు. ఇంతవరకూ ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు.”

“అదేరా భయం. అదంతా ఎక్కడ దాచిపెడుతోందో. సరే, ఆ అమ్మాయి గురక పెడితే?”

“పెట్టదు.”

“నీకెలా తెలుసు?”

కుర్ర గుమస్తా దస్త్రంలో తల దూర్చాడు.

“తడి తువ్వాలు మంచం మీద పడేస్తే?”

“తను అలాంటిది కాదు.”

“తను కాదురా, నువ్వు. రోజూ పడేస్తావుగా. ఎన్నాళ్ళని ఊరుకుంటుంది?”

కుర్ర గుమస్తా మెడలో తువ్వాలు తడుముకున్నాడు. కాస్త బిగుతుగా ఉన్నట్టనిపించింది పాపం. భోజనాల వేళకి క్యారేజీ విప్పలేదు. మూడు దాటాక ఇక ఆగలేక అమ్మాయికి ఫోన్ చేశాడు. “ఇవాళ వద్దులే. ఎందుకని అడక్కు,” అన్నాడు. అవతల “సరే” అని పెట్టేసింది.

“ఎందుకని కూడా అడగలేదు బాబాయ్,” అన్నాడు ఫోన్ కేసి చూస్తూ.

“బతికిపోయావ్. ఇంక చెరిపెయ్.”

కుర్ర గుమస్తా బల్ల మీద రెండు పేర్లూ తువ్వాలుతో తుడిచేశాడు. “మీరు లేకపోతే నా బతుకు బస్టాండయ్యేది,” అని ఆయన చేతులు పట్టుకున్నాడు. తర్వాత వచ్చిన పడుచు జంటకి ఎప్పుడూ ఇచ్చే చాక్లెట్లు ఇవ్వలేదు సరికదా, “కుక్కర్లు రెండు కొనుక్కోండి,” అని సలహా ఇచ్చి పంపాడు. పొద్దుటికీ ఇప్పటికీ అతనికి ముప్పై ఏళ్ళు మీదపడ్డాయి.

నాలుగవుతుండగా పెద్ద గుమస్తా సొరుగులోంచి అద్దం, దువ్వెన తీసి ఉన్న కాసిని వెంట్రుకలూ సర్దుకున్నాడు. అత్తరు రాసుకున్నాడు. సుద్దముక్క పట్టుకుని బల్ల దగ్గరికెళ్ళి, తుడిచిన చోట తన పేరు రాశాడు.

“ఇదేంటి బాబాయ్?”

“నాలుగోదిరా. వారం నుంచీ చూస్తున్నా, ఈ బల్ల మీద చోటు దొరికితేనా. ముద్ర నువ్వే కొట్టాలి.”

“మరి పొద్దుట్నుంచీ మీరు చెప్పిందంతా?”

పెద్ద గుమస్తా వినిపించుకోలేదు. గుమ్మం వైపు చూస్తూ మెలికలు తిరిగిపోతున్నాడు. అక్కడ, పొద్దున విడాకులు తీసుకెళ్ళిన ఆవిడే నిలబడి ఉంది, చేతిలో కుక్కర్ మూతతో.

“మా ఇంట్లో గిన్నె ఉందిరా,” అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. “మూత మూడో ఆవిడ పట్టుకుపోయింది. ఈసారి మాత్రం కలకాలం నిలిచిపోతుంది, చూడు.”