బదులు జోడీ

పెర్మ్ నగరపు స్కేటింగ్ రింకులో మకార్ సామాన్ల అర బార్లా తెరిచి ఉంది. లోపల ఒక తెగిన బూటు తాడు తప్ప ఏమీ లేదు.

ఉల్యానా ఫోన్ తీసి అతను పంపిన సందేశం చూసుకుంది.

"మాస్కోలో వేరే జోడీ దొరికింది. ఏమీ అనుకోకు."

అంతే ఉంది.

తనకు పదేళ్ళప్పటి నుంచి ఆ కుర్రాడి చెయ్యి పట్టుకునే మంచు మీద తిరిగింది. ఇప్పుడు పంతొమ్మిది నిండాయి.

"ఏడిస్తే ఏడువు. స్కేట్లు మాత్రం విప్పకు," అంది కోచ్ రిమ్మా ల్వోవ్నా.

"ఎవరితో ఆడను? ఐస్ డాన్స్ ఒక్కతే ఆడేదా?"

"ఫిబ్రవరిలో మాస్కోలో ప్లాతోన్ అనే కుర్రాడు జోడీ కోసం అమ్మాయిల్ని చూస్తున్నాడట. అప్పటిదాకా నీ పట్టు చెడకూడదు. ఎవర్నో ఒకర్ని పిలుస్తాలే."

మర్నాడు పొద్దున్నే వచ్చినవాణ్ణి చూసి ఉల్యానాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

యాభై దాటిన మనిషి. ట్రామ్ డిపో కోటు. కాళ్ళకు పగుళ్ళు బారిన నల్లతోలు స్కేట్లు.

"వాదిం ఎగోరిచ్," అన్నాడు తలవంచి.

ఉల్యానా కోచ్ వైపు తిరిగింది. "డిపోలో నట్లు బిగించే బాబాయితో నేను టాంగో ఆడాలా?"

"నట్లయినా, నడుమైనా పట్టు ముఖ్యం అమ్మాయ్," అన్నాడతను. "బిగిస్తే విరుగుతుంది. వదిలేస్తే ఊడుతుంది."

రిమ్మా నవ్వలేదు. రింకు చుట్టూ ఉన్న అడ్డుగోడకు వీపు ఆనించి, మంచుకు ముఖం చాటేసి నిలబడింది. వాళ్ళిద్దరూ ఆడుతున్న ఆ మూడు నెలలూ ఆవిడ అలాగే నిలబడింది. స్కేట్ల చప్పుడు వింటూనే తప్పులు చెప్పేది.

అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు. మకార్‌లా లాగేవాడు కాదు, తోసేవాడు కాదు. ఎటు తిరిగినా అక్కడే ఉండేవాడు.

"నన్ను చూడకు ఉల్యా. నేనెక్కడున్నానో నీ వీపుకు తెలియాలి."

ఒకరోజు అతను పైకెత్తినప్పుడు ఉల్యానా పట్టు తప్పింది. నేలను తాకేలోగా అతను తన చెయ్యి కిందికి దూర్చాడు. మణికట్టు బూరెలా పొంగింది.

"మీకేమైనా పిచ్చా?" అని అరిచింది భయంతో.

"నీ కాళ్ళు మాస్కో చూడాలి. నా చెయ్యి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదుగా."

మర్నాడు కట్టు కట్టుకుని వచ్చాడు.

"అసలు ఎందుకొస్తున్నారు మీరు?"

"డిపోలో నా పని పదింటికి. అంతదాకా ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ మాట్లాడరు. అది కూడా తిట్టడానికే."

జనవరి చివర్లో, ఎప్పుడూ ఏమీ అడగని మనిషి ఒకటి అడిగాడు.

"ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే ఆడుతున్నాం. ఒక్కసారి పాట మొదలు నుంచి చివరిదాకా, ఆగకుండా ఆడదామా?"

ఉల్యానాకు ఆకలేస్తోంది.

"రేపు ఆడదాం లెండి."

ఆ మధ్యాహ్నమే మాస్కో నుంచి ఫోన్ వచ్చింది. ఎంపిక ముందుకు జరిగిందట. సాయంత్రం బండికే బయలుదేరింది. అతనికి చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. నాలుగు రోజులు చెయ్యానించిన గోడకు ఎవరైనా వీడ్కోలు చెబుతారా?

పదకొండు మంది అమ్మాయిల్లో ప్లాతోన్ ఉల్యానానే కోరుకున్నాడు.

"జోడీ పోయి మూడు నెలలైందన్నావు. ఈ పట్టు ఎక్కడ నేర్చుకున్నావు? ఎవరితో ఆడావు?" అని అడిగాడు అక్కడి కోచ్.

"ఎవరితోనూ లేదండీ. ఒక్కదాన్నే సాధన చేశాను."

రెండేళ్ళు తిరిగేసరికి దేశపు పోటీల్లో కంచు పతకం వచ్చింది. ప్లాతోన్ మంచివాడు, బలమైనవాడు. అయినా మంచు మీద తిరిగే ప్రతిసారీ ఉల్యానా వీపు ఎవరినో వెతుక్కునేది. ఆ ఉనికి తగిలేది కాదు. హోటల్ గదుల్లో, రైళ్ళలో ఉన్నట్టుండి ఆ బొంగురు గొంతు గుర్తొచ్చేది. ఒక్క పాట అడిగాడు. నాలుగు నిమిషాల పాట.

సెలవు దొరకగానే పెర్మ్ బండి ఎక్కింది. స్టేషన్ నుంచి తిన్నగా ట్రామ్ డిపోకే వెళ్ళింది.

"వాదిం ఎగోరిచ్చా? కిందటేడు మానేశాడు. ఉత్తరం వైపు ఎక్కడికో పోయాడన్నారు. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదు," అన్నారక్కడ.

రిమ్మా ల్వోవ్నా గదిలోకి కోటు కూడా విప్పకుండా దూసుకెళ్ళింది ఉల్యానా.

"ఆయన వెళ్ళిపోతుంటే మీరెలా ఊరుకున్నారు? ఎక్కడికని ఒక్క మాట అడగలేదా?"

"అడిగే ముఖం నాకెక్కడిది?"

రిమ్మా టీ పోసి ఆమె ముందుకు జరిపింది. తను మాత్రం తాగలేదు.

"నువ్వు వెళ్ళిన మర్నాడు కూడా వచ్చాడు. పాట పెట్టమన్నాడు. నువ్వు లేవని చెప్పాను. కాసేపు మంచు వైపు చూసి, పిల్ల ఎంపికైతే చాలు అని వెళ్ళిపోయాడు."

ఉల్యానా కళ్ళు తుడుచుకుంది. "మీరు పిలిస్తే ఎందుకొచ్చాడాయన?"

"అదే నాకూ అర్థం కాలేదు. ఒక పిల్ల జోడీ లేక నిలబడిపోయిందని ఫోన్లో చెప్పాను. అన్నేళ్ళ తర్వాత నా గొంతు విన్నాడు. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఎన్నింటికి రావాలి అన్నాడంతే."

"అన్నేళ్ళంటే? ఎవరాయన మీకు?"

రిమ్మా కిటికీ వైపు తిరిగింది.

"ఇరవై ఏడేళ్ళ కిందట, మాస్కోలో మంచి జోడీ దొరికిందని, ఒక్క మాటైనా చెప్పకుండా ఈ మంచు మీదే నేను వదిలేసి పోయిన నా జోడీ."