పన్నెండో జిల్లా

"పదకొండు," అన్నారు వలేరియన్ మాస్టారు.

ఫైర్ స్టేషన్ హాల్లో టీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. గోడవార బెంచీ మీద కూర్చున్న బోగ్నా తల దించుకుంది. గొజూఫ్, జెలోనా గూరా నగరాలను పక్కన పెడితే పోలండ్ పశ్చిమాన ఉన్న లుబూష్ ప్రావిన్సులో ఎన్ని జిల్లాలు అన్నది క్విజ్ ఫైనల్లో మొదటి ప్రశ్న. పన్నెండు. ఆ పన్నెండోది వాళ్ళు కూర్చున్న జిల్లాయే. నలభై ఏళ్ళు ఆ ఊరికి భూగోళం చెప్పిన తన తండ్రి, సొంత జిల్లానే లెక్కలోంచి జార్చేశారు.

"తప్పండీ మాస్టారూ," అంది లైబ్రేరియన్ సెవెరినా కాగితంలోంచి తలెత్తకుండా. "రోమెక్, నువ్వు చెప్పు."

పెద్దవాళ్ళకు ముందు అవకాశం, వాళ్ళు తప్పితే రెండోవాళ్ళకు. అది పోటీ నియమం. ఫైనల్లో మిగిలింది ఇద్దరే.

రోమెక్ కుర్చీ అంచున కూర్చుని టోపీ నలుపుతున్నాడు. పాల లారీ నడుపుతాడు.

"జాగ్రత్తరోయ్, నీళ్ళను కొండెక్కించకు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలు గొల్లుమంది.

ఆ మాట వయసు ముప్ఫై ఏళ్ళు. ఆరో తరగతిలో మాస్టారు రోమెక్‌ని మ్యాపు దగ్గరికి పిలిచి ఓద్రా నది దారి చూపించమన్నారు. వాడు సముద్రం దగ్గర వేలు పెట్టి కొండల దాకా జరిపాడు. "మీ ఇంట్లో నీళ్ళు కొండెక్కుతాయేంట్రా?" అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది. అదే క్లాసులో ఉన్న బోగ్నా కూడా నవ్వింది. ఆ ఏడాదితోనే రోమెక్ చదువు ఆగింది. పేరు మాత్రం ఆగలేదు. ఊళ్ళో ఇప్పటికీ వాడు 'కొండెక్కే ఓద్రా'నే.

"పన్నెండు," అన్నాడు రోమెక్ మెల్లగా. "మనది చివర్లో వచ్చింది, రెండువేల రెండులో. అంతకు ముందు నోవా సూల్ జిల్లాలో ఉన్నాం కదా. లారీ కాగితాలన్నీ మళ్ళీ మార్పించుకున్నాను."

"కరెక్ట్."

"వాళ్ళు హద్దులు మారుస్తుంటే, నేనైతే పొయ్యి దగ్గర్నించి కదలకుండానే మూడు ప్రావిన్సులు మారాను," అంది గెనోవెఫా అత్త జున్ను కేకు కోస్తూ. ఈసారి అందరూ ఆవిడ మాటకు నవ్వారు.

రెండో ప్రశ్న. ప్రావిన్సు గవర్నరు ఏ ఊళ్ళో ఉంటారు?

"జెలోనా గూరా," అన్నారు మాస్టారు.

బోగ్నాకు చెవులు వేడెక్కాయి. ఆ ఊళ్ళో ఉండేది ఎన్నికైన సభ. ఈ ప్రావిన్సుకు రాజధానులు రెండని, ఏది ఎక్కడుందో కలిపేస్తే మార్కులు కోస్తానని పిల్లలను బెదిరించింది ఈయనే. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న సూపులో రెండుసార్లు ఉప్పు వేస్తున్నారు. తనే ఒత్తిడి చేసి డాక్టరుకు చూపించాల్సింది. ఇంతమంది ముందు బయటపడకుండా ఉండేది.

"గొజూఫ్," అన్నాడు రోమెక్. "పాల కంపెనీ పర్మిట్ కోసం ఆఫీసు మెట్ల మీద రెండు రోజులు కూర్చున్నాను. ఆయన మొహం మాత్రం చూళ్ళేదు."

మూడో ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ అదే వరస. మాస్టారు తప్పు, రోమెక్ ఒప్పు. బోగ్నా పక్కన కూర్చున్నామె ఆమె చెయ్యి నొక్కి, "పోన్లే, వయసు," అంది. ఆ జాలి బోగ్నాకు నవ్వుల కన్నా కష్టంగా తోచింది.

"ఆఖరిది. మన ప్రావిన్సులో ఓద్రాను బండితో సహా బల్లకట్టు మీద దాటే చోట్లు రెండు చెప్పండి."

మాస్టారు చాలాసేపు పైకప్పు వైపు చూశారు. "గుర్తు రావడం లేదు," అన్నారు.

"మిల్స్కో, పొమోర్స్కో," అన్నాడు రోమెక్. ఇప్పుడు టోపీ ఒళ్ళో కదలకుండా ఉంది. "బ్రోదీ కూడా ఉంది. కానీ ఆగస్టులో నీళ్ళు తగ్గితే బల్లకట్టు ఆపేస్తారు. అప్పుడు వంతెన దాకా చుట్టూ తిరిగి పోవాలి. పాలు విరక్కుండా చూసుకోవాలి."

ముందు గెనోవెఫా అత్త చప్పట్లు కొట్టింది, తర్వాత హాలంతా కొట్టింది. అన్నిట్లోకీ పెద్ద కేకు ముక్క ఆవిడ రోమెక్ పళ్ళెంలో పెట్టింది. ఇందాక వెక్కిరించినవాడే జరిగి, "ఇటు కూర్చో రోమెక్," అన్నాడు.

మాస్టారు లేచి వచ్చి చెయ్యి చాచారు. "బాగా చదివావురా."

"నేనేం చదవలేదండీ," అన్నాడు రోమెక్, కళ్ళు దించుకుని. "అన్నీ నేను రోజూ తిరిగే దారులే వచ్చాయి."

మాస్టారు వాడి చేతిని వెంటనే వదల్లేదు.

జనం వెళ్ళాక బోగ్నా గ్లాసులు కడిగింది. తండ్రి బయట బెంచీ మీద కూర్చుని, టోపీ పక్కన పెట్టుకుని ఎండ కాచుకుంటున్నారు. బోగ్నా అటు వెళ్ళకుండా, చేతులు తుడుచుకుని సెవెరినా దగ్గరికి వెళ్ళింది.

"ఆ ప్రశ్నలు ఒకసారి చూపించండి. ఒక్క దాంట్లోనైనా పొరపాటు ఉందేమో. రేపటి నుంచి ఊళ్ళో ఆయన తలెత్తుకు తిరగాలి కదా."

"జిల్లా లైబ్రరీ నుంచి వచ్చాయమ్మా. పొరపాట్లేం ఉండవు."

"అయితే చూపించడానికేం?"

"అయిపోయిందిగా. ఇంకెందుకు?" సెవెరినా కవరును సంచిలోకి తోస్తోంది, బోగ్నా వైపు చూడకుండా.

"నలభై ఏళ్ళ పేరండీ ఆయనది. ఒక్క పూటలో పోయింది."

సెవెరినా చేతులు ఆగాయి. కాసేపు కిటికీలోంచి బయటి బెంచీ వైపు చూసింది. తర్వాత కవరు బల్ల మీద పెట్టి, తను వెళ్ళి కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది.

బోగ్నా కవరులోంచి కాగితం తీసి మడత విప్పింది.

ప్రశ్నలన్నీ నాన్న చేతిరాతలో ఉన్నాయి.