ఐసు దొంగ

పట్టపగలు, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉండగానే, బుగ్గలో ఐసు ముక్కతో అత్తగారు అడ్డంగా దొరికిపోయింది. పట్టుకున్నది కోడలు.

"ఎన్నో ముక్క అత్తయ్యా?"

"ఆరోది," అందావిడ కరకరా నములుతూనే. దాచుకునే రకం కాదు.

గుండె బలహీనపడిందనీ, రోజుకి లీటరున్నర మించి నీళ్ళు తాగకూడదనీ డాక్టరమ్మ చెప్పి ఆర్నెల్లయింది. ఆనాటి నుంచి కోడలు సీసా మీద గీతలు గీసి మరీ కాపలా కాస్తోంది. ఒకటో తరగతి పంతులమ్మ కదా, ఇంట్లోనూ అదే గొంతు. ఈమధ్య అత్తగారికి నాలుగడుగులు వేస్తే ఆయాసం, కుట్టుమిషను తొక్కితే కళ్ళు తిరగడం. ఇంకేముంది, కారణం దొరికేసింది. చాటుగా నీళ్ళు మింగుతోందన్నమాట. రేపటి నుంచి కుట్టుపని కట్టిపెట్టాల్సిందేననీ, మిషను ఎవరికైనా ఇచ్చేద్దామనీ కొడుకు ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు.

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. ముప్పయ్యేళ్ళుగా ఆ మిషను తొక్కిన కాళ్ళవి. అది పోతే ఇంట్లో తనకి మిగిలేది మంచమొక్కటే.

"ఈ ఐసు కూడా నా లీటరున్నరలోదే. కరిగితే ఎంతవుతుందో కొలిచి, అన్ని నీళ్ళు మానేశాను. కొలత తప్పితే నేను దర్జీనే కాదు. పద డాక్టరమ్మ దగ్గరికి, అక్కడే తేల్చుకుందాం."

ఆస్పత్రిలో లిఫ్టు పాడైంది. డాక్టరమ్మ గది రెండో అంతస్తులో. అత్తగారు మూడు మెట్లకోసారి ఆగింది. కోడలూ ఆగింది, గోడ పట్టుకుని. బళ్ళో చాకిరీతో ఒంట్లో ఓపికుండటం లేదంది. ఆమె సంచిలో బలపాల పెట్టె గలగలమంటోంది. బలపం మరిచిపోయి వచ్చే పిల్లల కోసం వారానికో పెట్టె కొంటుంది పాపం.

గదిలోకి అడుగుపెడుతూనే కోడలు ఫిర్యాదుల చిట్టా విప్పింది. డాక్టరమ్మ అంతా విని, అత్తగారి బరువు చూసింది. పెరగలేదు. పాదాలు నొక్కి చూసింది. వాపు లేదు. ఐసు మీద ఈ యావ ఎప్పటి నుంచని అడిగింది.

"రెండు నెలల నుంచమ్మా. దాహం కాదు. నమలాలి, అంతే. నమలకపోతే పిచ్చెక్కినట్టుంటుంది."

డాక్టరమ్మ ఆవిడ కంటి కింది రెప్ప లాగి చూసింది. పాలిపోయి ఉంది.

"నీళ్ళ గొడవ కాదిది. ఒంట్లో ఐరన్ తగ్గితే కొందరికి ఇలా తిండి కానివి నమలాలనిపిస్తుంది. గుండె జబ్బున్నవాళ్ళలో రక్తం తగ్గడం మామూలే. ఆయాసమంతా గుండె నెత్తిన రుద్దేసి దీన్ని వదిలేస్తుంటాం. నేనూ అదే చేశాను. రక్తపరీక్ష చేద్దాం. అదే అయితే మందుంది. ఈలోగా మిషను ఎవరికీ ఇవ్వకండి."

అత్తగారు రక్తం తీసుకోమన్నట్టు దర్జాగా చెయ్యి చాపి, కోడలి వైపు తిరిగింది. ఆర్నెల్ల కసి నాలుక చివరే ఉంది.

"ఇప్పుడు చెప్పమ్మా, ఎవరు దొంగ?"

కోడలు తల దించుకుని, సంచిలోంచి బలపాల పెట్టె తీసి, డాక్టరమ్మ ముందు మూత తెరిచింది. ఒక్క బలపమూ పూర్తిగా లేదు, అన్నీ కొరికినవే.