ఆ నవ్వు యాడిది

మోరీ మురుగులో మాత్రలు తేలుతున్నాయి.

సగం పచ్చ, సగం తెలుపు. అట్టలోంచి ఒక్కొక్కటే వత్తి మరీ పడేశాడు మల్లికార్జున. అట్టతో సహా విసిరేసినా సరిపోయేది. అలాగైతే కక్ష తీరదు కదా.

గడపలో నిలబడి అతని పెళ్ళాం యశోద చూస్తోంది.

ఏడాదిపాటు ఆమె నోటికి బెల్లం కూడా మట్టిలా ఉండింది. మొగుడు హిందూపురం బెల్లం మండీలో హమాలీ. ఇంట్లో బెల్లానికి కొదవ లేదు. పిల్ల ఏడిస్తే ఎత్తుకోవాలని తెలుసు. చెయ్యి లేచేది కాదు.

"ఒళ్ళు వంచల్యాక యేషాలు," అనేది అత్త ఈరక్క. "ఏం తక్కువైంది దీనికి?"

ఏం తక్కువైందో ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మెదడులో సెరటోనిన్ అని ఒక రసాయనం ఉంటుందట. అలాంటివే ఇంకొన్ని. వాటి లెక్క తప్పితే ఎంత మంచి జరిగినా మనసుకు తెలియదట.

"నీ తప్పు కాదమ్మా. మాత్రలు మాత్రం మధ్యలో ఆపొద్దు."

నీ తప్పు కాదు. ఆ ముక్క కట్టుకున్నవాడు అనాల్సింది.

నెల దాటాక ఒక పొద్దున యశోద బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. "తియ్యగుందత్తా," అంటూ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

ఇవాళ ఆదివారం. పిల్ల సత్తు గిన్నె నెత్తిన బోర్లించుకుని పోలీసులా నడిచింది. యశోద పగలబడి నవ్వింది. వీధంతా వినబడింది.

"మాత్రలు బాగా పనిచేస్తాండాయే," అంది ఎదురింటి దాసమ్మ, అప్పుడే బస్సు దిగి వస్తున్న మల్లికార్జున చెవిన పడేలా.

ఆ ఏడు రాష్ట్రంలో మద్యనిషేధం, మందు బందు. ఆదివారమైతే చాలు, మగవాళ్ళు బస్సెక్కి కర్ణాటకలోని గౌరీబిదనూరుకు పోయి తాగి వస్తారు. సీసాలో తెస్తే చెక్‌పోస్టులో పట్టుకుంటారు. కడుపులో తెస్తే ఎవరూ అడగరు.

మల్లికార్జున కూడా అలాగే తెచ్చాడు. వచ్చీ రాగానే గూట్లోని మాత్రల మీద పడ్డాడు.

"పిచ్చి మాత్రలు మింగుతాందని వీధంతా చెప్పుకుంటాండారు. ఆ నవ్వు నీది కాదు. మాత్రది. మాయమ్మ యానాడైనా నవ్విందా? ఆడదంటే అట్లుండల్ల."

మూల కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న ఈరక్క తల ఎత్తలేదు.

"పాట పాడుకుంటా బస్సు దిగితివే," అంది యశోద. "ఆ సంతోషం యాడిది? నీ సొంతమా?"

"నేను మగోణ్ణి."

"నీది తాగితే వస్తాది, తెల్లారితే పోతాది. నాది పోయింటే మాత్రేసుకుని తెచ్చుకుంటి. నేనూ బార్డరు దాటి మింగి రావల్లనా?"

అతను చెయ్యెత్తాడు.

యశోద కదల్లేదు.

"కొట్టు. రేపు పొద్దున్నే మెడికల్ షాపుకు పోతా. మళ్ళా పారెయ్. మళ్ళా తెచ్చుకుంటా."

ఎత్తిన చేతిని ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు. దాంతోనే చొక్కా సర్దుకుని బయటికి పోయాడు.

ఏడాదిగా యశోదకు కోపం కూడా రాలేదు. ఇప్పుడు వచ్చింది. రానీ.

ఈరక్క లేచింది. మోరీ పక్కన కూర్చుని, తేలుతున్న మాత్రలను ఏరి కొంగులో వేసుకుంటోంది.

"అవి ఇంక పనికిరావత్తా. వదిలెయ్."

ఈరక్క వదల్లేదు. తల తిప్పకుండా, చిన్నగా అడిగింది.

"బెల్లం నిజంగానే తియ్యగుంటాదామ్మే?"