ఒంటికొమ్ము ఆవు

"వచ్చెయ్యవే అక్కా! ఆ రాతిబొమ్మ మొహం చూస్తూ ఇంకెన్నాళ్లు పడుంటావ్?" జావ కలుపుతూ అంది లినేయో.

మత్సెలిసో గోడవైపు తిరిగి పడుకుంది. రెండోసారీ కడుపు పోయి మంచం పట్టిన నాటి నుంచీ మొగుడు ఫకిసో ఆమెతో మాట మానేశాడు. పుట్టింటి నుంచి చెల్లెలు రాకపోతే గొంతులో గుక్కెడు నీళ్లు పోసే దిక్కయినా ఉండేది కాదు.

"ఆయనకింకో ఆడది ఉందక్కా. ఒట్టు."

"ఎవత్తే అది?"

"పేరు తెలిస్తే ఏం చేస్తావ్, రక్కుతావా?"

"రక్కుతానో, కొరుకుతానో!"

అక్కాచెల్లెళ్లిద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లయిందో.

మలూతి కొండల్లో కట్టు ఒకటే. మొగుడు తరిమేస్తే పిల్లకి ఓలిగా మగపెళ్లివారిచ్చిన పశువులు పుట్టింటివే. పెళ్లామే గడప దాటితే మాత్రం తిరిగి తోలాలి. ఫకిసో తరమడు. అంత వెర్రివాడేం కాదు.

"నాన్న కూలిపోతాడే. ఆ ఆరు ఆవులేగా ఆయనకున్నవి!"

"ఆవులదేముంది, మళ్లీ వస్తాయి. నువ్వు పోతే వస్తావా?"

ఆ మాటతో మత్సెలిసో లేచింది. తెల్లారకముందే గడప దాటింది. మూట చెల్లెలే మోసింది.

నాన్న పల్లెత్తు మాట అనలేదు. మూడోనాడు రాతిదొడ్డి తెరిచి తనే ఆవుల్ని తోలుకెళ్లాడు. ఆయన ప్రాణమంతా పెట్టుకున్న ఒంటికొమ్ము ఆవు వాగు దగ్గర మూడుసార్లు వెనక్కి తిరిగింది. ఇంటి వెనక కూర్చుని దుప్పటి నోట్లో కుక్కుకుంది మత్సెలిసో. "నేను లేనూ?" అంటూ పక్కన చేరింది లినేయో.

చలికాలం గడిచింది. నాన్న సగమయ్యాడు. లినేయో చలి చలి అంటూ దుప్పటిలోనే ముడుచుకుని తిరిగింది.

ఒక ఉదయం కొండవాలు మీద గంటలు మోగాయి. ఒంటికొమ్ము ఆవు ఎవరూ తోలకుండానే నేరుగా దొడ్లో దూరింది. దాని వెనక మిగతా అయిదూ. వాటి వెనక ఫకిసో మేనమామలు. అందరికన్నా వెనక, కొత్త దుప్పటి కప్పుకుని, తల వంచుకుని ఫకిసో. ఊరంతా ఆడవాళ్లు శుభానికి వేసే లిలిలీ కేకలతో మార్మోగింది.

మత్సెలిసో గుమ్మంలోంచి తొంగి చూసింది. బతిమాలుకోవడానికి వచ్చాడు! చచ్చినా వెళ్లనని ఒట్టేసుకున్న మనిషే, పరుగున పోయి మొహం కడుక్కుంది. చెంపలకు నూనె రాసుకుంది. బయట నాన్న ఆవు మెడ నిమురుతూ నవ్వుతున్నాడు. ఎన్నాళ్లకో ఆ నవ్వు!

"అమ్మా, అడగ్గానే ఊఁ అనను. కాసేపు కూర్చోనీ వాళ్లని!" అంది, సిగ్గుపడుతూ.

అమ్మ తల ఎత్తలేదు. పెట్టెలోంచి పెళ్లికూతురి దుప్పటి తీసి ఆమె చేతుల్లో పెట్టి, "చెల్లెలి భుజాల మీద కప్పి రావే తల్లీ, అయిదో నెల, చలిగాలి తగలకూడదు" అంది.